పలుకు – పలక : మాటరాని విద్యార్థి వాక్యమునకు కర్త యెవరు?

మాట పెగలని విద్యార్థి చేతికి బొమ్మలపలక నొకదాని నిచ్చుట నేడు విద్యారంగమున పరిచితమైన పద్ధతి. ఆ పలకమీద అన్నము, నీళ్ళు, అమ్మ, బడి, ఆట మొదలైనవి గళ్ళలో చిత్రింపబడి యుండును. విద్యార్థి వ్రేలితోనో చూపుతోనో ఒక గడిని సూచించును, ఎదుటివారు గ్రహింతురు. అవసరము తీరినది గదా యని అందరును తృప్తి చెందుదురు. ఈ తృప్తి యెంతవరకు సమంజసమో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇందులకు మేము గ్రహించిన ప్రశ్న యొక్కటే: ఆ పలకమీద ఏర్పడిన వాక్యమునకు కర్త యెవరు? సూచించిన విద్యార్థియా? ఊహించిన శ్రోతయా?

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము సమాధానము చెప్పజాలదు. పలుకుటకు వలసిన కండరము లేల వశము కాలేదో అది చెప్పగలదు. యంత్రనిర్మాతలును చెప్పజాలరు, వారు గడిని నొక్కిన ధ్వని వచ్చునట్లు చేయగలరు. వాక్యమన నేమి, అది యెప్పుడు పూర్ణమగును, అందలి యే యంశము వక్తది, ఏది శ్రోతది అను విచారము వ్యాకరణాలంకారములను పఠించువారిది. కావున నిది తెలుగుశాఖల పరిధిలోని విషయమే యని మా యభిప్రాయము.

ముందుగా కొంత పదవివేచన యవసరము. 'చెవిటిమూగ' యను జంటపదము మనకు చిరకాలముగా వాడుకలో నున్నది. ఈ జంట రెండు వేర్వేరు స్థితులను ఒక్కటిగా కలిపివేసినది. వినికిడి లేనివారికి సంజ్ఞాభాష కలదు. అది తనదైన వ్యాకరణము గల సంపూర్ణభాష. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2015లో ఢిల్లీలో ఏర్పడి, 2018లో ఆ భాషకు నిఘంటువును వెలువరించినది. మేమిచట విచారించునది ఆ విషయము కాదు. చెవి చక్కగా వినుచున్నను నోరు పలుకలేని విద్యార్థులు వేరొక వర్గము. పుట్టుకనాటి మెదడు దెబ్బచే అవయవములు స్వాధీనము కాని సెరిబ్రల్ పాల్సీ గలవారు, ఆటిజము గలవారిలో కొందరు, నాలుక పెదవుల కదలికను కూర్చుకొనలేని వారు ఇందు చేరుదురు. వీరిలో అనేకులు ఇంట, వీధిలో, బడిలో తెలుగును నిరంతరము వినుచునే యుందురు. వారి లోపల తెలుగు కలదు. వెలికి వచ్చు త్రోవ లేదు. 'మూగవాడు కలగన్నట్లు' అను సామెత ఈ స్థితినే చెప్పుచున్నది. కల కన్నాడనుటలో ఆ సామెతకు సందేహము లేదు. చెప్పలేకపోవుట యొక్కటే దాని విషయము.

మన పలుకుబళ్ళలో మరియొక విశేషము కలదు. 'నోరులేనివాడు' అనిన సాధువు, ఎదిరింపలేనివాడు అని యర్థము. 'పలుకుబడి' యనిన మాటతీరే కాక అధికారమును. మాటకును సంఘములోని స్థానమునకును గల సంబంధమును తెలుగుభాష తన నిఘంటువులోనే నిక్షేపించి యుంచినది. కావున పలుకలేని విద్యార్థికి పలుకు నిచ్చుట దప్పిక తీర్చుటకు మాత్రమే సంబంధించినది కాదు. సంఘమున అతనికి గల స్థానమునకు సంబంధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కూడ ఈ దృష్టినే యవలంబించినది. అందు పేర్కొనబడిన 21 వైకల్యములలో వాగ్భాషా వైకల్య మొకటి. సంభాషణ యనగా నోటిమాట మాత్రమే కాదనియు, సంజ్ఞలు, లిపి, చిత్రములు, యంత్రముల ద్వారా జరుగు ప్రత్యామ్నాయ పద్ధతులును సంభాషణయే యనియు ఆ చట్టము నిర్వచించినది. విద్యార్థి తన సంఘమున పాల్గొనుటకు తగినట్లు ఇట్టి పద్ధతులను పెంపొందింపవలెనని ప్రభుత్వములను, స్థానిక సంస్థలను ఆదేశించినది. చట్టము ద్వారము తెరచినది. ఆ ద్వారమున ప్రవేశింపవలసిన తెలుగు ఎట్టిదో నిర్ణయించుట మిగిలియున్నది.

వాక్యమునకు మన ప్రాచీనులు చెప్పిన లక్షణము సుపరిచితమే. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును గల పదసముదాయము వాక్యము. ఈ మూడింటిని కొలబద్దగా గొని బొమ్మలపలకను పరీక్షింతము. ఒక విద్యార్థి 'అమ్మ', 'బడి', 'రేపు' అను మూడు గళ్ళను వరుసగా చూపినాడనుకొందము. ఒకదాని వెంట నొకటి చూపుటచే సన్నిధి కలిగినది. అమ్మకు బడికి పొంతన కుదురుటచే యోగ్యతయు కలదు. ఆకాంక్ష మాత్రము తీరలేదు. అమ్మ యేమి? బడికా, బడిలోనా, బడినుండియా? వచ్చునా, రాదా, రావలెనా? శ్రోత తన యూహతో పూరించును. "రేపు అమ్మ బడికి వస్తుందా?" అని యడుగును. విద్యార్థి తల యడ్డముగా నూపును. "రేపు అమ్మను బడికి రమ్మన్నారా?" అని మరల నడుగును. మరల అదే జవాబు. "అయితే రేపు నిన్ను అమ్మ బడికి పంపదా?" అనునప్పటికి విద్యార్థి యలసిపోయి తల యూపవచ్చును. అది యంగీకారమో, అలసటయో చెప్పగల వారెవరు? వాక్యము పూర్తియైనది, కాని దానిని పూర్తిచేసినది శ్రోత. క్రియ శ్రోతది; విభక్తి శ్రోతది; కాలము శ్రోతది. విద్యార్థికి మిగిలినవి మూడు నామవాచకములు.

పదములను కూర్చు పని ప్రధానముగా పదక్రమము మీదను, విడిగా నుండు చిన్నమాటల మీదను ఆధారపడు ఇంగ్లీషువంటి భాషలో ఈ లోపము కొంత తక్కువగా బాధించును. తెలుగున పదము వెంట ప్రత్యయము అంటుకొని యుండును. ఆకాంక్షను తీర్చునది ఆ ప్రత్యయమే. కావున ఇతరభాషలకై కూర్చిన పలకలోని మాటలను మాత్రము తెలుగుచేసి ఇచ్చినచో, అందు తెలుగుమాట లుండునే కాని తెలుగువాక్య ముండదు. దీనిని నాలుగు ఉదాహరణములతో నిరూపింపవచ్చును.

మొదటిది నిషేధము. సామాన్యముగా పలకమీద నిషేధమునకు ఎఱ్ఱని అడ్డగీత యొక్కటి యుండును. తెలుగున నిషేధము ఒక్కటి కాదు. 'లేదు' అనునది అభావమును, 'కాదు' అనునది భేదమును, 'వద్దు' అనునది నిరాకరణమును, 'రాదు' అనునది చేతకానితనమును చెప్పును. విద్యార్థి యడ్డగీతను, పుస్తకపు బొమ్మను చూపినాడు. పుస్తకము లేదనుచున్నాడా? ఈ పుస్తకము తనది కాదనుచున్నాడా? తనకు పుస్తకము వద్దనుచున్నాడా? మొదటిది పేదరికము, రెండవది నిజాయితీ, మూడవది మొండితనము. ఒకే గుర్తు మూడు స్వభావములను మోయుచున్నది. అందు దేనిని విద్యార్థికి అంటగట్టవలెనో ఉపాధ్యాయుని యిష్టము. నాలుగు గళ్ళు కేటాయించిన తీరిపోవు ఈ చిక్కు, తెలుగును గమనింపకపోవుటచే ఏర్పడినదే గాని బొమ్మకు సహజమైన దోషము కాదు.

రెండవది ఉత్తమపురుష బహువచనము. 'మనము' అనిన ఎదుటివాడు చేరును. 'మేము' అనిన చేరడు. నలుగురు నిలిచియున్న బొమ్మ ఈ భేదమును చూపజాలదు. "మనం ఆడుకుందాం" అనుట స్నేహమునకు పిలుపు. "మేం ఆడుకుంటాం" అనుట తలుపు మూయుట. తోటిపిల్లలలో మెలగవలసిన బాలునికి ఇంతకంటె ముఖ్యమైన వ్యాకరణాంశ ముండదు.

మూడవది గౌరవవాచకము. గోదావరిమండలమున ఈ యంశమునకు గల ప్రాధాన్యము ఎల్లరకును తెలిసినదే. "వచ్చానండి", "లేదండి", "ఆయ్, అలాగేనండి" అని ప్రతిమాటకును చివర 'అండి' చేర్చుట ఈ సీమ మర్యాద. కోనసీమలో పెద్దలయెదుట 'అండి' లేని మాట బిరుసుగా వినబడును. పలకమీద 'నువ్వు', 'రా', 'ఇవ్వు' అను రూపములే యున్నచో ఆ విద్యార్థి గురువుయెదుట నిత్యము అమర్యాదగా మాటలాడినట్లే యగును. 'మీరు', 'రండి', 'ఇవ్వండి' అనునవే యున్నచో తోటివానితో తగవులాడుటకు గాని తమ్ముని గదమాయించుటకు గాని వీలుండదు. ఎవరియెదుట ఎట్లు మాటలాడవలెనో ఎన్నుకొనుట భాషాజ్ఞానములో నొక ముఖ్యభాగము. 'అండి' కొక గడి, అది యొత్తిన ముందున్న క్రియకు చేరునట్లు ఏర్పాటు – ఇది కష్టసాధ్యము కాదు.

నాలుగవది పదాంతమున చేరు ఒంటి అచ్చులు. 'రాముడే' అనిన అవధారణము. 'రాముడూ' అనిన సముచ్చయము. 'రాముడా' అనిన ప్రశ్న. 'రాముడో' అనిన సందేహము. ఒక్క యచ్చుతో తెలుగువాడు నిశ్చయించును, కలుపును, అడుగును, సంశయించును. ఈ నాలుగింటికి బొమ్మ గీయుట సాధ్యము కాదు. గీయుటకు వీలుకాదు గనుక పలకలోనికి రావు. రావు గనుక విద్యార్థికి ప్రశ్నించు నోరుండదు. పలకతో సమాధానములే చెప్పగల విద్యార్థి ఎన్నటికిని ప్రశ్న వేయలేని విద్యార్థియే యగును. విద్యాదృష్టితో జూచిన ఇది అన్నిటికంటె గొప్పలోపము.

ఇక మన సంప్రదాయమున మాటలేని భాషకు పూర్వరంగ మేమైన కలదా యని విచారింతము. గోదావరిడెల్టాలో ముమ్మిడివరము, మురమండ మొదలగు గ్రామములలో కలావంతుల అభినయసంప్రదాయము చిరకాలము వర్ధిల్లినది. 1947 నాటి మద్రాసు దేవదాసీచట్టము తరువాత అది మేజువాణులనుండి, దేవాలయములనుండి తొలగినను, నటరాజ రామకృష్ణ కృషివలన ఆంధ్రనాట్య మను పేర కొంత నిలిచినది. ఈ సంప్రదాయమున హస్తములతో పదమునకు పదము అర్థము చూపుట పదార్థాభినయము. సమగ్రభావమును చూపుట వాక్యార్థాభినయము. 'చేతులతో మాటలాడుట' యనిన మనకు వెంటనే స్ఫురించున దిదియే. ప్రత్యామ్నాయ సంభాషణకు దీనిని ఆదర్శముగా జూపవచ్చునని తోచుటయు సహజమే.

కాని యిచట నొక భేదమును మరువరాదు. అభినయమున పాట వినబడుచునే యుండును. హస్తము చూపిన పదమునకు విభక్తిని, క్రియను, కాలమును గానము చెప్పుచున్నది. ప్రేక్షకుని యాకాంక్షను తీర్చునది పాట. హస్తము దానిని రసవంతము చేయుచున్నది. పాటను తొలగించినచో హస్తములు బొమ్మలపలకలోని గళ్ళవలె విడివిడిగా నిలుచును. అనగా అభినయము మాటకు అలంకారమే గాని మాటకు బదులు కాదు.

ఈ భేదమును గుర్తింపకపోవుటచే మన కళలలో మూగపాత్ర యొక ప్రత్యేకరూపమును దాల్చినది. కె. విశ్వనాథ్ దర్శకత్వమున 1976లో వెలువడిన 'సిరిసిరిమువ్వ' ఇందుకు ప్రసిద్ధోదాహరణము. రాజమహేంద్రవరమున జన్మించిన జయప్రద యందు హైమ యను మూగ నర్తకి పాత్రను ధరించినది. హైమ హృదయము నాట్యమున వ్యక్తమగుచున్నది. ఆమె పక్షమున నిలుచు సాంబయ్య వాద్యకారుడు. ఆమె యడుగులకు అతని వాద్యము, ఆమె భావములకు నేపథ్యగానము తోడుగా నిలిచి ప్రేక్షకుల యాకాంక్షను తీర్చుచున్నవి. 1986 నాటి 'సిరివెన్నెల'లో ఆ దర్శకుడే ఈ సమస్యను మరింత లోతుగా త్రవ్వినాడు. నాయకుడు అంధుడైన వేణుగాయకుడు; అతని నారాధించు యువతి మాటరాని చిత్రకారిణి. ఆమె సంజ్ఞ అతనికి కనబడదు. ఆమె చిత్రమును కనబడదు. దృశ్యరూపమైన భాష యంతయు ఆ యొక్క శ్రోతవిషయమున వ్యర్థమగుచున్నది. సంభాషణపద్ధతి వక్త సామర్థ్యమును బట్టియే కాక శ్రోత సామర్థ్యమును బట్టియు నిర్ణయింపబడవలెనను సత్యమును ఇంత స్పష్టముగా జూపిన కథాకల్పన తెలుగున అరుదు. ధ్వని వెలువరించు యంత్రమునకును బొమ్మలపలకకును గల తారతమ్య మంతయు ఈ యొక్క సన్నివేశమున నిమిడి యున్నది.

ఈ చిత్రముల కళావిలువను మేము తగ్గించుట లేదు. కరుణము, శృంగారము పోషింపబడుటకు మౌన మెంత బలమైన సాధనమో అవి నిరూపించినవి. కాని వాటినుండి 'మౌనమే వారి భాష' యను సిద్ధాంతమును తీసినచో పొరపాటగును. రంగస్థలమున మౌనము రసమునకు ఆలంబనము. తరగతిగదిలో మౌనము శూన్యసంఖ్యగల మార్కులపట్టిక. సహృదయుడు పూరించుకొనుట కావ్యమునకు గుణము. పరీక్షకుడు పూరించుకొనుట విద్యార్థికి హాని.

మన సంప్రదాయముననే దీనికి భిన్నమైన మరియొక మార్గము కలదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో 'అక్షరముష్టికాకథనము' ఒకటి. దీనికి యశోధరుడు జయమంగళ యను వ్యాఖ్యలో వివరణ నొసగినాడు. అందు చెప్పబడిన యొక రీతి మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. క చ ట త ప వర్గములకును, అంతస్థములకును, ఊష్మములకును ఒక్కొక్క హస్తముద్ర. వర్గములోని యక్షరమునకు వ్రేలు. దానిపై చేరు అచ్చునకు వ్రేలి కణుపు. ముద్రతో వర్గము, వ్రేలితో హల్లు, కణుపుతో గుణింతము – ఇట్లు మూడు సూచనలతో ఏ యక్షరమునైనను తెలుపవచ్చును. నాగరికులు రహస్యముగా మాటలాడుకొనుటకు ఏర్పడిన విద్య యిది. రహస్యము కొఱకు పుట్టినను, ఇందలి నిర్మాణము పలుకలేనివానికి సరిగా సరిపోవుచున్నది. అభినయహస్తము వస్తువును చూపును. అక్షరముష్టిక ధ్వనిని చూపును. ధ్వనిని చూపగలిగిన చేయి ప్రత్యయమును చూపగలదు. ప్రత్యయమును చూపగలిగినది ఆకాంక్షను తానే తీర్చగలదు.

మన వర్ణమాల పుట్టుకతోనే యొక పలక. కంఠ్యము మొదలు ఓష్ఠ్యము వరకు అయిదు పంక్తులు. ప్రతిపంక్తిలోను అయిదు హల్లులు. చేయి స్వాధీనము కాని విద్యార్థియెదుట ఉపాధ్యాయుడు "క వర్గమా, చ వర్గమా, ట వర్గమా?" అని వరుసగా చదువును. విద్యార్థి కనురెప్ప వాల్చినచోట ఆగును. మరల ఆ పంక్తిలోని యక్షరములను చదువును, మరల రెప్పపాటు. పిదప గుణింతము. 'కాదు' అనుటకు క వర్గము – మొదటిది – దీర్ఘము, త వర్గము – మూడవది – కొమ్ము. ఆరు రెప్పపాటులు చాలును. అకారము హల్లులోనే యిమిడి యుండుటచే అచట మూడవ సూచన యక్కరలేదు. వత్తునకు ఒక గడి, సున్నకు ఒక గడి వేరుగ నుండవలెను. ఙ, ఞ వంటి అరుదైన యక్షరములను ఒక మూల కుదించవచ్చును. ఈ పద్ధతికి కావలసినది ఒక అట్టముక్క, ఒక ఓపికగల మనిషి. విద్యుచ్ఛక్తి యక్కరలేదు. వరదకాలమున దారులు మునిగి పడవయే శరణమగు లంకగ్రామమున కూడ ఇది సాగును.

ఇంతమాత్రమున బొమ్మలను త్రోసిపుచ్చవలెనని మా వాదము కాదు. అక్షరజ్ఞానము లేని పసివానికి, బుద్ధివికాసము మందగించిన వానికి బొమ్మయే తొలిమెట్టు. కొందరికి అదియే కడపటిమెట్టును కావచ్చును. బొమ్మలకు వ్యాకరణమును చేర్చవచ్చునని లోకానుభవము చెప్పుచున్నది. చార్లెస్ బ్లిస్ 1949లో ప్రకటించిన చిత్రలిపిలో క్రియకు, భూతకాలమునకు, బహువచనమునకు ప్రత్యేక చిహ్నములు కలవు. 1971నుండి కెనడాలోని టొరంటోలో పలుకలేని పిల్లలకు ఆ లిపిని నేర్పిరి. మనదేశమున చెన్నపట్టణమునకు చెందిన అజిత్ నారాయణన్ 'ఆవాజ్' అను సంభాషణసాధనమును నిర్మించిన పిమ్మట, చిత్రములను ప్రశ్నలతో కలుపు మరియొక విధానమును కల్పించి 2013లో దానిని గూర్చి ప్రసంగించినాడు. అందు క్రియ నడుమ నుండును. ఎవరు, దేనిని, ఎప్పుడు అను ప్రశ్నలే దారములై తక్కిన బొమ్మలను దానికి కట్టును. చిన్నయసూరి బాలవ్యాకరణమున కారకపరిచ్ఛేదమును చదివినవారికి ఈ విధానము చిరపరిచితమువలె తోచును. క్రియతో నామములకు గల సంబంధమే కారకము. ఆ సంబంధమును దారముతో చూపినను, విభక్తితో చూపినను, ఆకాంక్షను వక్తయే తీర్చుట ముఖ్యము. కావున బొమ్మకును అక్షరమునకును వైరము లేదు. వైరము, పూర్ణవాక్యమునకు అవకాశ మిచ్చు పలకకును ఇయ్యని పలకకును మాత్రమే.

పలక నిచ్చినచో వచ్చు మాట కూడ రాకుండ పోవునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అను పరిశోధకులు అంతకుముందు జరిగిన యధ్యయనములను సమీక్షించి, నమ్మదగిన ఆధారములున్న 27 మంది విషయమును పరీక్షించిరి. ప్రత్యామ్నాయపద్ధతి వలన నోటిమాట తగ్గినవా డొక్కడును లేడు. అధికసంఖ్యాకులకు కొంత పెరిగినది. ఊతకఱ్ఱ నడకను చెరుపదు.

దీనికి విరుద్ధముగా మరియొక ప్రమాదము నిజమైనదే. సహాయకుడు విద్యార్థి చేతిని పట్టుకొని అక్షరములను చూపించు పద్ధతి యొకటి పాశ్చాత్యదేశములలో వ్యాపించినది. 1990ల నాటి పరీక్షలలో సహాయకునికి తెలియని విషయమును విద్యార్థిని అడిగినప్పుడు సమాధానము రాలేదు. సహాయకునికి వేరొక చిత్రమును చూపినప్పుడు ఆ చిత్రము పేరే వ్రాయబడినది. అనగా వాక్యకర్త చేయి పట్టినవాడే! సహాయకులు మోసగించిరని కాదు. తమకు తెలియకయే తమ మాటను వ్రాయించిరి. అక్షరాభ్యాసమునాడు పంతులు చేయిపట్టి దిద్దించుట మన ఆచారము. కాని దిద్దించిన యక్షరము శిష్యుని రచన యని ఎవరును చెప్పరు. బొమ్మలపలకయెదుట ఊహించి పూరించు శ్రోతయును, చేయిపట్టి వ్రాయించు సహాయకుడును ఒకే దోషమునకు రెండు రూపములు. దయ యెంత యెక్కువయైన ఈ దోషమునకు అవకాశ మంత యెక్కువ యగుట ఇందలి విశేషము.

పూర్ణవాక్యమునకు అవకాశము కల్పించిన పిమ్మట ఆ వాక్యము ఏ తెలుగున నుండవలెనను ప్రశ్న మిగులును. ఈ ప్రశ్న రాజమహేంద్రవరమునకు క్రొత్త కాదు. 1919లో ఈ పట్టణమున కందుకూరి వీరేశలింగము అధ్యక్షుడుగా, గిడుగు వేంకట రామమూర్తి కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజ మేర్పడినది. బాలురకు వారు వినని భాషలో చదువు చెప్పుట వ్యర్థమనుట గిడుగువారి వాదములోని ముఖ్యాంశము. సవరలకు సవరభాషలోనే పాఠము చెప్పించుటకు ఆయన స్వయముగా బడులు నడపినాడు. మన్యప్రాంతపు జ్వరమునకు వాడిన క్వినైనుచే ఆయనకు వినికిడి దెబ్బతినినది. చెవి సహకరింపకున్నను సవరధ్వనులను పరిశీలించి 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును వెలువరించినాడు. ఒక యింద్రియము లోపించినంతమాత్రమున భాష లోపింపదనుటకు ఇంతకంటె సమీపమైన సాక్ష్యము మనకు లేదు.

ఆ వాదము నోరున్న విద్యార్థుల విషయమున ఏనాడో నెగ్గినది. నోరులేని విద్యార్థి విషయమున మరల మొదలుపెట్టవలసి యున్నది. యంత్రము "నాకు జలము కావలెను" అని పలికినచో, లేక ఏ సీమకును చెందని అనువాదపుతెలుగు పలికినచో, అది విద్యార్థి గొంతు కాదు. అతడు వినిన తెలుగు "మంచినీళ్ళు కావాలండి" అనునది. పలకమీది బొమ్మలును అట్టివే కావలెను. మంచుగడ్డలకును రొట్టెముక్కలకును గళ్ళు కేటాయించి, రేవునకు, లంకకు, కాలువగట్టునకు, రేవు దాటించు పంటునకు చోటు లేకున్నచో ఆ పలక గోదావరిగట్టున పుట్టిన బాలునిది కాదు. ఇట్లనుటచే గ్రాంథికము అతనికి నిషిద్ధమని కాదు. మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుట మేము చేసికొనిన యెన్నిక. అట్టి యెన్నిక అతనికిని ఉండవలెను. పద్యము నప్పగింపవలసిన నాడు పద్యభాషయు, గొడవపడవలసిన నాడు వీధిభాషయు అతని వ్రేలికి అందవలెను.

తెలుగుశాఖలు చేయదగిన పనులు కొన్ని స్పష్టముగా కనబడుచున్నవి. ఇంగ్లీషున జరిగిన పరిశోధనలనుబట్టి కొన్నివందల మాటలే నిత్యసంభాషణలో అధికభాగమును ఆక్రమించుచున్నవని తెలియుచున్నది. తెలుగున మాటలను గాక ధాతువులను, ప్రత్యయములను వేర్వేరుగా లెక్కింపవలెను. డెల్టాలోని బడిపిల్లల సంభాషణను సేకరించి, ఏ క్రియారూపములు, ఏ విభక్తులు, ఏ సంబోధనములు ఎంత తరచుగా వచ్చుచున్నవో పరిశోధకవిద్యార్థి నిర్ణయింపవచ్చును. 2006లో రాజమహేంద్రవరమున స్థాపితమైన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వంటి సంస్థలకు ఈ క్షేత్రము వాకిటనే యున్నది. మండలముల భవితకేంద్రములలో పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులకు వైద్యపరిభాషయే కాక తెలుగువాక్యపరిచయమును కలిగింపవలెను. పద్యధారణ, మౌఖికపరీక్షల విషయమున అక్షరపలకద్వారా చెప్పిన సమాధానమును నోటిసమాధానముతో సమముగా గ్రహించు నియమ మేర్పడవలెను.

ఉపాధ్యాయుడు మాత్రము ఈ పరిశోధనలు పూర్తియగువరకు వేచియుండ నక్కరలేదు. అతడు నేడే పాటింపదగిన నియమములు రెండు. అవును కాదు అను రెండు జవాబులకే తావిచ్చు ప్రశ్నలతో విద్యార్థిని బంధింపరాదు. అతని వాక్యము పూర్తియగుటకు ముందు దానిని తాను పూర్తిచేయరాదు. ఈ రెండవది మొదటిదానికంటె కష్టము. ఆరు రెప్పపాటులకు పట్టు కాలమున తరగతి యంతయు కదలుచుండును. ఎదుటిమాట నందుకొని ముగింపవలెనను తొందర ఎవరికైనను కలుగును. కాని ఆకాంక్ష యనగా శ్రోతయందు కలుగు అపేక్షయే గదా! ఆ యపేక్షను తీర్చుట వక్త పని; అంతవరకు దానిని నిలుపుకొనుట శ్రోత పని. మాటరాని విద్యార్థియెదుట కూర్చున్న ఉపాధ్యాయునికి మన వాక్యశాస్త్రము విధించు ధర్మ మిదియే.